బరువు తగ్గిన పిదప వ్రేలాడు చర్మము: చేయదగినవి, చేయరానివి

స్థౌల్యము వలన మధుమేహము, రక్తపోటు, మోకాళ్ళ నొప్పులు వచ్చునని నేడు తెలియనివారు లేరు. బరువు తగ్గించుకొను ఉపాయములు గూడ ప్రతి పత్రికలోను కనిపించుచున్నవి. కాని ఇరువది, ముప్పది కిలోలు తగ్గిన పిదప దేహముపై మిగిలిపోవు చర్మమును గూర్చి చెప్పువారు అరుదు. పొత్తికడుపు క్రింద మడతగా దిగిన చర్మము, చేయి ఎత్తినపుడు దండ క్రింద ఊగు చర్మము, తొడల లోపలివైపు ముడుతలు, గడ్డము క్రింద సంచివలె జారిన భాగము చూచుకొని, "ఇంతకంటె లావుగా నుండుటయే నయము గదా" అని నిట్టూర్చు సోదరీసోదరులు మా వద్దకు తరచుగా వచ్చుచుందురు.

ఆ మాటను తేలికగా తీసికొనరాదు. అట్లు నిట్టూర్చినవారు మొదట రవికె చేతులు పొడుగు చేయించుకొందురు. తరువాత పెండ్లిండ్లకు పోవుట తగ్గింతురు. చివరకు "ఎవరికొరకు ఈ కష్టము" అని పథ్యము వదలి మునుపటివలె తినసాగుదురు. కొన్ని మాసములలో బరువు తిరిగి వచ్చును, చర్మము నిండును, దానితోబాటు మానిన చక్కెర మాత్రలు మరల మొదలగును. చర్మము వదులగుట ప్రాణాపాయకరము కాదు. దానిని చూచి నిరాశపడి విడిచిన పథ్యమే అపాయము తెచ్చుచున్నది. కనుక ఈ విషయమున ఏది సాధ్యమో, ఏది అసాధ్యమో గృహస్థులు ముందుగనే తెలిసికొనుట అవసరము.

తెలుగునాట పెద్ద మొత్తమున బరువు తగ్గుట గత పాతికేండ్లుగా ఇంటింటి విషయమైనది. విజయవాడ వద్ద కృష్ణ ఒడ్డున గల డాక్టరు మంతెన సత్యనారాయణరాజుగారి ప్రకృతి ఆశ్రమమునకు పోయి ఉప్పు, నూనె లేని ఆహారము అలవరచుకొని వచ్చినవారు గలరు. తరువాత 2017, 2018 ప్రాంతమున విజయవాడకే చెందిన వీరమాచనేని రామకృష్ణగారు ప్రచారము చేసిన విధానము ఊరూర వ్యాపించినది. అన్నము, రొట్టెలు పూర్తిగా మాని, కొబ్బరినూనె వంటి కొవ్వు పదార్థములు, నిమ్మకాయలు, నీరు, విటమిన్ మాత్రలతో కొన్ని వారములు గడుపుట ఆ విధానము. ఆయన సభలకు జనము వేలాదిగా వచ్చిరి. వైద్యులలో పలువురు ఆక్షేపించిరి. జీర్ణాశయమును చిన్నది చేయు శస్త్రచికిత్సలు హైదరాబాదులో సామాన్యమైనవి. ఈ మార్గముల మంచిచెడ్డలు వేరొక వ్యాసమునకు తగినవి. ఏ మార్గమున పోయినను, వేగముగా పోయినవారి వెంట చర్మము పరుగెత్తలేదన్నది మాత్రము ఇచట గుర్తింపవలెను.

మన ప్రాంతము సంగతి మరికొంత విచిత్రమైనది. ఖమ్మము పట్టణమునందును, 2016 అక్టోబరులో ఆ జిల్లానుండి విడివడిన భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలో బొగ్గుగనులు, పాల్వంచ విద్యుత్కేంద్రము, సారపాక కాగితపు మిల్లు చుట్టునున్న ఉద్యోగుల ఇండ్లయందును కూర్చుండి చేయు పనులు పెరిగి స్థౌల్యము హెచ్చినది. అక్కడికి కొద్ది దూరముననే అడవి అంచున గల కోయగూడెములలో లావుపాటివారు అరుదు. అది చూచి "అడవిలో ఏదో మూలిక యున్నది, అది వాడినచో ఒడలు బిగియును" అని నమ్మువారు గలరు. వారిని సన్నముగా ఉంచునది మూలిక కాదు; నడక, శ్రమ, చాలచోట్ల అర్ధాకలి. ఆకలిని ఔషధముగా పొగడుట న్యాయము కాదు.

చర్మము ఏల వదులగును?

చర్మపు లోపలి పొరలో ముఖ్యముగా రెండు విధములైన పోగులు గలవు. కొల్లాజెన్ అను పోగులు చర్మమునకు గట్టితనము నిచ్చును. ఎలాస్టిన్ అను పోగులు సాగి తిరిగి యథాస్థితికి వచ్చు గుణము నిచ్చును. ఎలాస్టిన్ చాలవరకు గర్భమునందును బాల్యమునందును తయారగును. పెద్దవయస్సున కొత్తది తయారగుట మిక్కిలి స్వల్పము. మేజోడు పై అంచులోని రబ్బరు ఏండ్లతరబడి సాగి సాగి చివరకు ముడుచుకొనుట మానునట్లే, పది, పదునైదు సంవత్సరములు అధిక మేదస్సును మోసిన చర్మములో ఈ పోగులు తెగిపోవును. లోపలి కొవ్వు కరిగినను పైనున్న సంచి అంతే పెద్దదిగా మిగులును.

ఇది అందరికి ఒకే విధముగా జరుగదు. ఇరువదియైదేండ్ల యువకుడు పదిహేను కిలోలు తగ్గినచో చర్మము చాలవరకు దగ్గరకు వచ్చును. ఏబది యేండ్ల స్త్రీ, ముగ్గురు బిడ్డల తల్లి, నలుబది కిలోలు తగ్గినచో అట్లు రాదు. వయస్సు, స్థౌల్యముతో గడపిన సంవత్సరములు, తగ్గిన మొత్తము, తగ్గిన వేగము, కాన్పులు, వంశలక్షణము, ఎండ ఇవన్నియు కారణములే. పొగాకు మరియొకటి. భద్రాచలపు అడవులలో కోయు తునికాకు బీడీలగుటకే పోవుచున్నది. పొగత్రాగువారికి చర్మములోని సన్నని రక్తనాళములు ముడుచుకొని పోషణ తగ్గును, కొల్లాజెన్ త్వరగా క్షీణించును. వదులైన చర్మమునకు లేపనము అడుగు పురుషులను మేము మొదట అడుగునది బీడీ సంగతియే.

ఇక్కడ ఒక పరీక్ష చేసికొనవచ్చును. వ్రేలాడుచున్న భాగమును బొటనవ్రేలు, చూపుడువ్రేలి నడుమ పట్టి చూడవలెను. ముంజేతి వెనుక చర్మమువలె పలుచగా చేతికి వచ్చినచో అది కేవలము చర్మము. దిండువలె మందముగా వచ్చినచో అందు మేదస్సు ఇంకను మిగిలియున్నది. అట్టివారు బరువును నిదానముగా మరికొంత తగ్గించుకొనినచో ఆకారము కొంత మెరుగుపడును. చర్మము వదులైనదని దుఃఖించువారిలో అనేకులకు ఈ రెండును కలిసియుండును.

కొల్లాజెన్ పోగులు మాత్రము మెల్లమెల్లగా మారుచునే యుండును. అందుచేత బరువు నిలిచిన తరువాత ఒకటి, ఒకటిన్నర సంవత్సరముల వరకు చర్మము తనంత తాను కొంత దగ్గరపడుట కలదు. ప్రసవించిన స్త్రీ ఉదరము నెలలు గడిచినకొలది తగ్గుట మన ఇండ్లలో చూచినదే. మూడవ నెలలోనే నిరాశపడి తీర్మానము చేసికొనుట తొందరపాటు.

శాస్త్రము చెప్పినది

చరకసంహిత సూత్రస్థానమున ఇరువదియొకటవ అధ్యాయమునకు అష్టౌనిందితీయమని పేరు. అందు అతిస్థూలుని లక్షణములు చెప్పుచు, మేదోమాంసములు మిక్కిలి పెరుగుటచే పిరుదులు, ఉదరము, స్తనములు జారి కదలుచుండునని ఆచార్యుడు వర్ణించెను. అతికృశుని గూర్చి చెప్పుచు, పిరుదులు, ఉదరము, మెడ ఎండి, నరముల వల పైకి తేలి, చర్మము ఎముకలు మాత్రమే మిగిలినవానివలె నుండునని చెప్పెను. ఈ రెండింటిలో కృశుడే మేలనినను, ఆయన మెచ్చినది కృశత్వమును కాదు. మాంసము సమప్రమాణమున నుండి, దేహపు కట్టు సమముగా గలవానిని ఆయన శ్రేష్ఠునిగా పేర్కొనెను. బరువుయంత్రముపై అంకెను మాత్రమే చూచుకొని సంతోషించువారు ఈ మాటను గమనింపవలెను.

మరియొక సూత్రము చికిత్సాస్థానమున గ్రహణీరోగ ప్రకరణములో నున్నది. ధాతువులనుండి ఉపధాతువులు పుట్టు క్రమము చెప్పుచు, మాంసధాతువునుండి వసయు, ఆరు పొరల చర్మమును కలుగునని అచట నున్నది. సుశ్రుతుడు చర్మమునకు ఏడు పొరలు చెప్పి, చివరిదానికి మాంసధర యని పేరిడెను. సంఖ్యలో భేదమున్నను చర్మమునకు మాంసముతో గల బంధము ఇద్దరికిని సమ్మతమే. చర్మమును పోషింపదలచినవారు మాంసధాతువును పోషింపవలెనని దీనినుండి గ్రహింపవచ్చును. పైపూతలతో చర్మమును బిగింపజూచుట చెట్టు ఆకులపై నీరు చల్లుట వంటిది.

బరువు తగ్గించుటకు కఫమును, మేదస్సును గీకివేయు లేఖన చికిత్స చేయుదురు. తేనెనీరు, గుగ్గులు యోగములు, పొడిపిండితో గట్టిగా రుద్దుట ఇందులోనివి. మేదస్సు కరిగిన తరువాత దేహస్థితి మారును. అప్పుడు వాతము పెరిగి, చర్మము పొడిబారి, నిద్ర తగ్గి, ఒడలు నొప్పులు పుట్టును. కాని బరువు తగ్గినవారు భయముచే అవే మందులను, అవే ఉపవాసములను సంవత్సరముల తరబడి కొనసాగించుచున్నారు. అది తగదు. బరువు కుదుటపడిన పిదప లేఖనము మాని, స్నేహనము, మితమైన బృంహణము వైద్యుని సలహాతో చేయవలెను. తగ్గించిన మందే బిగించునని తలచుట వలన చర్మము మరింత ఎండి ముడుతలు హెచ్చును.

అభ్యంగము, నలుగు

నలుగు మన ఇండ్లలో పండుగనాటి ఆచారముగా మిగిలినది. వాగ్భటుడు అష్టాంగహృదయమున ఉద్వర్తనము కఫమును హరించునని, మేదస్సును కరిగించునని, అవయవములకు స్థిరత్వమును, చర్మమునకు ప్రసన్నతను ఇచ్చునని చెప్పెను. వారమునకు రెండుసార్లు ఈ క్రింది విధముగా చేసికొనవచ్చును.

గోరువెచ్చని నువ్వులనూనెను దేహమంతట పట్టించి పదిహేను నిమిషములు మర్దనము చేయవలెను. మడత పడిన చోట ఎడమ అరచేతితో చర్మమును క్రిందినుండి ఎత్తిపట్టి, కుడిచేతితో మెల్లగా పైవైపునకు రుద్దవలెను. చర్మమును క్రిందికి లాగరాదు. తరువాత పెసరపిండి నాలుగు పాళ్ళు, బార్లీపిండి రెండు పాళ్ళు, ఎండు ఉసిరికపొడి ఒక పాలు, కొద్దిగా కస్తూరి పసుపు కలిపి, నీటితో తడిపి నలుగు పెట్టి, గోరువెచ్చని నీట స్నానము చేయవలెను. జ్వరము, అజీర్ణము ఉన్న దినమున అభ్యంగము కూడదు.

భద్రాచలము వైపు వారికి ఇప్పనూనె సులభముగా దొరకును. మార్చి, ఏప్రిల్ నెలలలో పూవులు రాలిన తరువాత కాయలు కాసి, వేసవి చివర గింజలు ఏరుకొని కోయలు నూనె తీయుదురు. అది చలికి నేతివలె గడ్డకట్టును. పొడిబారిన, దురదపెట్టు చర్మమునకు మంచి మెత్తదనము నిచ్చును. మొదట ముంజేతిపై కొద్దిగా రాచి ఒక దినము చూచిన తరువాతనే వాడవలెను. ఈ నూనెలు చర్మమును మృదువుగా, పగులకుండ ఉంచును. తెగిన పోగులను అతుకునవి కావు. ఆ ఆశతో వేల రూపాయల తైలములు కొననక్కరలేదు.

సంతలో అమ్ము బిగింపు మందులు

చర్ల, దుమ్ముగూడెము వైపు వారపు సంతలకు అడవిసరుకు వచ్చుచుండును: ఉసిరిక, కరక్కాయ, తానికాయ, తపసిబంక, చిల్లగింజలు, నల్లజీడి, తేనె. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ కొనుగోలు చేయు వస్తువులలో ఇవి ముఖ్యమైనవి. మంచి సరుకే. వీనితో పట్టణముల వర్తకులు చేయు లేపనముల పేర్లు మాత్రము నమ్మదగినవి కావు.

తుమ్మచెక్క, కరక్కాయ, పటిక వంటివి కషాయరసము గలవి. అనగా వగరువి. వగరు వస్తువులలోని టానిన్ చర్మపు పైపొర మాంసకృత్తులను ముడిచివేయును. తోళ్ళు ఊనుటకు తంగేడు చెక్కను, తుమ్మచెక్కను వాడుట ఈ గుణము వలననే. కాబట్టి వానిని పూసినపుడు గంటయో రెండు గంటలో చర్మము బిగిసినట్లుండును. తపసిబంక నీటిలో నాని, పూసి ఆరనిచ్చినచో పొరవలె అంటుకొని అట్లే లాగును. గ్రుడ్డు తెల్లసొన కూడ అంతే. కడిగిన తరువాత ఏమియు మిగులదు. పెండ్లికి పోవుటకు ముందు ముఖమునకు పూసికొనుటలో తప్పు లేదు గాని, ఉదరపు మడతకు అది చికిత్స కాదు.

నల్లజీడి విషయమున మాత్రము గట్టిగా హెచ్చరింపవలసియున్నది. చాకలివారు బట్టలపై గుర్తులు పెట్టు గింజ ఇదియే. దాని రసము చర్మమునకు తగిలినచో కాలినట్లు బొబ్బలు లేచి, నల్లని మచ్చలు పడును. కొందరికి ఒడలంతయు దద్దుర్లు వ్యాపించును. శోధించిన భల్లాతకమును వైద్యులు వాడు పద్ధతి వేరు. "మంట పుట్టినచో చర్మము ముడుచుకొనును" అని చెప్పి నల్లజీడి, సున్నము కలిపినవి అంటగట్టువారి మాట వినరాదు.

మడతల సంరక్షణ

అందమును గూర్చి మాట్లాడువారు దీనిని మరచుచున్నారు. కొత్తగూడెము, భద్రాచలము ప్రాంతమున వేసవిలో ఎండ 45 డిగ్రీలు దాటును. ఉదరము క్రింద, స్తనముల క్రింద, గజ్జలలో, తొడల నడుమ చెమట నిలిచి, చర్మము చర్మముతో ఒరుసుకొని ఎర్రబడును. ఆ తడిలో శిలీంధ్రములు పెరిగి దురద, మంట, దుర్వాసన పుట్టును. చక్కెర వ్యాధి గలవారికి ఇది త్వరగా ముదిరి పుండగును.

దినమునకు రెండుసార్లు మడతలను ఎత్తి నీటితో కడిగి, మెత్తని నూలుగుడ్డతో అద్ది పూర్తిగా ఆరనీయవలెను. రుద్దరాదు. తరువాత పాత పంచెనుండి చింపిన శుభ్రమైన నూలుగుడ్డను మడత నడుమ ఉంచి, తడిసినపుడెల్ల మార్చవలెను. పౌడరు దట్టముగా చల్లినచో చెమటతో కలిసి ఉండలై మరింత ఒరియును. నడచునపుడు తొడలు ఒరియువారు మోకాలివరకు దిగు నూలు లాగు లోపల ధరించినచో చాల సుఖము.

ఒరిసి ఎర్రబడినది గాని ఇంకను పగులనిచో పంచవల్కల కషాయముతో కడుగుట మంచిది. మర్రి, రావి, మేడి, జువ్వి, గంగరావి చెక్కలు కలిపి 50 గ్రాములు నలుగగొట్టి, లీటరు నీటిలో సగము మిగులువరకు కాచి, వడగట్టి, చల్లార్చి వాడవలెను. ఏ దినమునకు ఆ దినమే కాచుకొనవలెను. ఐదును దొరకనిచో త్రిఫల కషాయము చాలును. పైన చెప్పిన వగరు గుణము చర్మమును శాశ్వతముగా బిగింపలేకపోయినను, చెమ్మను ఆర్చుటకు ఇచట బాగుగ పనికివచ్చును. వారము దినములలో తగ్గకున్నను, చీము, జ్వరము, చుట్టును ఎర్రని చుక్కలు కనిపించినను వైద్యునికి చూపవలెను.

మందులదుకాణములో అడిగి దురద క్రీములు తెచ్చి పూయుట మన ఇండ్లలో పెద్ద దురభ్యాసము. వానిలో అనేకములందు స్టెరాయిడ్ కలిసియుండును. పూసిన మూడవనాటికి దురద తగ్గినట్లుండును, తరువాత తామర వ్యాపించును; మాసముల తరబడి పూసినచో చర్మమే పలుచబడి చారలు పడును. అసలే వదులైన చర్మమునకు ఇంతకంటె హాని వేరొకటి లేదు.

మాంసధాతు పోషణ

వారమునకు సుమారు అర కిలో చొప్పున బరువు తగ్గుట క్షేమకరము. ఇంకను తగ్గవలసినవారు ఈ వేగమును దాటకున్నచో మాంసము కరుగక మేదస్సే కరుగును, చర్మమునకును వ్యవధి చిక్కును.

భారత వైద్య పరిశోధన మండలి 2020లో నిర్ణయించిన ప్రకారము పెద్దలకు కిలో బరువునకు దినమునకు 0.83 గ్రాముల మాంసకృత్తులు కావలెను. బరువు తగ్గి వ్యాయామము చేయువారు కిలోకు ఒక గ్రాము తీసికొనుట మంచిది. 60 కిలోల మనిషికి 60 గ్రాములు. మన ఇండ్లలో అన్నము, పచ్చడి, మజ్జిగతో దినము గడుపు స్త్రీలకు ఇందులో సగము గూడ అందదు. 50 గ్రాముల పెసలతో వేసిన పెసరట్లలో 12 గ్రాములు, రెండు గ్రుడ్లలో 12, 40 గ్రాముల కందిపప్పులో 9, గుప్పెడు ఉడికిన శనగలలో 8, పావుకిలోకు కొంచెము తక్కువ పెరుగులో 6, 150 గ్రాముల జొన్నపిండి రొట్టెలలో 15 గ్రాములు లభించును. గ్రుడ్డు తినని ఇండ్లవారు ఉలవలను, పప్పును, పాలను హెచ్చింపవచ్చును. గోదావరి చేపలు తినువారికి ఈ లెక్కయే అక్కరలేదు. మూత్రపిండముల వ్యాధి గలవారు మాత్రము వైద్యుని అడుగక మాంసకృత్తులు పెంచరాదు.

చరకుడు స్థూలునికి చెప్పిన ఆహారములో చామలు, యవలు, జొన్నలు, ఆరికలు, పెసలు, ఉలవలు, కందులు, ఉసిరికలు కలవు. ఈ పట్టికలో సగము ధాన్యములు అడవి అంచు గూడెములలో నిన్నమొన్నటివరకు దినాహారము. మనము వానిని వదలి, నేడు అంగడిలో అందమైన సంచులలో హెచ్చు వెలకు కొనుచున్నాము. ఉసిరికలో సి విటమిను నారింజకంటె అనేక రెట్లు గలదు. అది లేనిదే దేహము కొల్లాజెన్‌ను సరిగా నేయలేదు. దినమునకు ఒక ఉసిరికాయ చాలును. కొల్లాజెన్ పొడులు డబ్బాలలో అమ్ముచున్నారు. కడుపులో అవియు పప్పువలెనే జీర్ణమై విడిపోవును. ఆ వెలకు ఎన్ని గ్రుడ్లు వచ్చునో లెక్కించుకొనుడు. జీర్ణాశయ శస్త్రచికిత్స జరిగినవారు వైద్యులు వ్రాసిన ఇనుము, బి12 మందులను మానరాదు.

తిన్నది మాంసముగా మారుటకు శ్రమ కావలెను. నడక ఒక్కటే చాలదు. బరువును ఎదిరించు వ్యాయామము కావలెను. తొడలకు, పిరుదులకు గుంజీలు. చేయలేనివారు కుర్చీపై కూర్చుండి చేతుల సాయము లేక లేచుట. దండలకు, రొమ్మునకు గోడపై చేతులాన్చి ముందుకు వంగి లేచుట; అలవాటైన పిదప దండీలు. రెండు లీటర్ల నీటిసీసా సుమారు రెండు కిలోల బరువు. దానిని తలపైకి ఎత్తి, మోచేయి వంచి వెనుకకు దించి, మరల ఎత్తినచో దండ వెనుక కండ పెరుగును. దినము విడిచి దినము, ఒక్కొక్కటి పది పన్నెండు మార్లు, మూడు విడతలుగా చేయవలెను. సగము శక్తి ఖర్చగువరకే వ్యాయామమని శాస్త్రమర్యాద. నుదుట చెమట పట్టుట దానికి గుర్తు. ఆరు నెలలు విడువక చేసినచో దండలు, తొడలు నిండుగా కనబడును. పెద్దగా జారిన పొత్తికడుపు మడతను మాత్రము కండ నింపజాలదు.

ఉదరమునకు నూలుగుడ్డ కట్టుట బాలింతలకు మనవారు చేయునదే. కట్టు ఊతము నిచ్చును, నడకలో ఊగుటను, నడుమునొప్పిని తగ్గించును. చర్మమును కుదింపదు. ఊపిరి ఆడనంత బిగింపరాదు, భోజనమైన వెంటనే కట్టరాదు, రాత్రి విప్పవలెను. బొడ్డు వద్ద గాని, పాత ఆపరేషను మచ్చ వద్ద గాని దగ్గినపుడు ఉబ్బు కనిపించినచో అది హెర్నియా కావచ్చును. కట్టుతో దాచక చూపించుకొనవలెను.

శస్త్రచికిత్స

ఆయుర్వేద వ్యాసమున కత్తి మాట ఏలయని కొందరు అడుగవచ్చును. చర్మమును కోసి మరల కుట్టు విద్యకు మనదేశమున సుశ్రుతుడే ఆదిగురువు. తెగిన ముక్కును చర్మపు అతుకుతో సరిచేయు విధానమును పుణె ప్రాంతమున చూచి వ్రాసిన వృత్తాంతము 1794లో లండను పత్రికలో వెలువడిన తరువాతనే ఐరోపా వైద్యులు దానిని అనుసరించిరి. మిక్కిలి హెచ్చుగా మిగిలిన చర్మమునకు నేటికిని నిజమైన పరిష్కారము శస్త్రచికిత్సయే. మాటిమాటికి పుండ్లు పడు మడత గలవారికి అది విలాసము కాదు.

రెండు శస్త్రచికిత్సలను కలగాపులగము చేయరాదు. లైపోసక్షన్ అనునది గొట్టముతో కొవ్వును పీల్చివేయుట. దానివలన వదులైన చర్మము పోదు, కొన్నిసార్లు మరింత వదులగును. మిగులు చర్మమును కోసి తీయు పొట్ట శస్త్రచికిత్స వేరు. 2001లో వచ్చిన "నువ్వు నాకు నచ్చావ్" చిత్రముతో మన ఇండ్లకు పరిచితురాలైన నటి ఆర్తీ అగర్వాల్ 2015 జూన్ 6న అమెరికాలో 31 ఏండ్ల వయస్సున మరణించినది. కొద్ది వారముల ముందు ఆమెకు లైపోసక్షన్ జరిగినదని ఆనాటి పత్రికలు వ్రాసినవి. మరణకారణమును తీర్పు చెప్పుట మన పని కాదు. ఇట్టి చికిత్సలను క్షౌరశాలకు పోవునంత తేలికగా భావింపరాదని మాత్రము ఆ వార్త చదివిన ప్రతి ఇంటివారికి తోచియుండును.

పొట్ట శస్త్రచికిత్సకు ముందు బరువు కనీసము ఆరు నెలలు స్థిరముగా నుండవలెను. చక్కెర అదుపులో నుండవలెను, పొగాకు మానియుండవలెను. ఇంకను బిడ్డలు కావలెననుకొనువారు ఆ తరువాతనే చేయించుకొనుట మేలు. ఒక తుంటినుండి రెండవ తుంటివరకు మచ్చ మిగులును. రక్తస్రావము, కోత క్రింద నీరు చేరుట, చీము పట్టుట, కాలి నరములలో రక్తము గడ్డకట్టుట అనునవి సంభవింపగల చిక్కులు. భద్రాచలమునుండి హైదరాబాదు సుమారు 300 కిలోమీటర్లు. శస్త్రచికిత్సయైన వెంటనే కాళ్ళు కదలకుండ అంత దూరము కూర్చుండి ప్రయాణము చేయుట ప్రమాదము; వైద్యుడు అనుమతించువరకు నగరములోనే ఉండుటకు ఏర్పాటు చేసికొని వెళ్ళవలెను. హైదరాబాదు నిమ్స్‌లోను, ఉస్మానియా ఆసుపత్రిలోను ప్లాస్టిక్ సర్జరీ విభాగములు గలవు. బీమా సంస్థలు దీనిని సౌందర్య చికిత్సగా భావించి సాధారణముగా సొమ్ము చెల్లింపవు. మడతలలో మాటిమాటికి పుండ్లు పడినట్లు వైద్యుల చీటీలున్నచో వానిని భద్రపరచి అడిగి చూడవచ్చును.

ఏ ప్రయత్నము లేకయే బరువు తగ్గి చర్మము వదులైనచో ఈ వ్యాసములోని ఏ ఉపాయమును మొదలుపెట్టరాదు. క్షయ, అదుపు తప్పిన మధుమేహము, థైరాయిడ్ దోషము, పుట్టకురుపు వంటివి అట్లే బయటపడును. ముందు కఫము, రక్తము పరీక్షలు చేయించుకొనవలెను.

ప్రయత్నపూర్వకముగా తగ్గినవారు నెలకొకసారి, ఒకే దినమున, ఉదయము పరగడుపున, బొడ్డు మీదుగా నడుము కొలతను, దండ నడిమి కొలతను టేపుతో తీసి బరువుతోబాటు ఒక పుస్తకమున వ్రాసికొనవలెను. అద్దము దినమున కొక విధముగా చెప్పును, టేపు అట్లు చెప్పదు. బరువు స్థిరమై, వ్యాయామము సాగుచుండగా, ఏడాదిన్నర తరువాత వరుసగా మూడు నెలలు కొలతలు మారకున్నచో మిగిలినది ఇక తనంత తాను తగ్గునది కాదని తెలియును. అప్పుడు ఆ పుస్తకమును తీసికొని శస్త్రవైద్యుని కలియవచ్చును, లేదా మడతలను శుభ్రముగా ఉంచుకొనుచు అట్లే ఉండిపోవచ్చును.